అత్తమ్మ ఊడ్చిన అడుగులు

అత్తమ్మ పోయిందన్న కబురు నాకు జనగామ బడిల ఉండంగ వచ్చింది. "పత్తి చేన్లె పక్కకు ఒరిగింది టీచరమ్మా, మల్ల లేవలే" అన్నడు బచ్చన్నపేట నుంచి బస్సుల వచ్చిన మా పాలేరు. ముందుగాల ఏడుపు రాలే, పరేషాన్ అయింది. ఆమెకు చెప్పాల్సిన ఒక మాట నాలుగేండ్ల సంది నా దగ్గర్నే ఉండిపోయింది. ఇగ ఎవలకు చెప్పాలె?

మా అత్తమ్మ ఒక్కకాడ కూసునే మనిషి గాదు. అన్నం తినుకుంట గూడ బర్రెల దిక్కు లేచి పోయేది. అరవైతొమ్మిదిల తెలంగాణ కొట్లాటకు కాలేజీలు బందైతే మా ఆయన ఇంటికాన్నే ఉన్నడట. ఆ ఏడు కొడుకును ఎంటవెట్టుకొని మక్కచేను కావలికి పోయి, పొద్దున్నే మట్టిల ఇది పంది, ఇది నక్క అని అడుగులు చూపేదట. నేను కోడలిగ వచ్చినంక నాకూ చెప్పింది. "వాకిట్ల అడుగులు చూడకుండ చీపురు వట్టకు బిడ్డా. ఎవలొచ్చి పోయిన్రో ఎర్కుండాలె." నేను ఇన్నట్టే ఇని మరిచిపోయిన.

మా ఆయనకు టాంజానియాల లెక్కల సారు కొలువు దొరికి మేం కొన్నేండ్లు ఆడ ఉన్నం. ఒకసారి అత్తమ్మను పిలిపిచ్చుకొని, అడివి చూపిద్దామని డేరాల క్యాంపుకు తోల్కపోయినం. గుడ్డ డేరాలు, లోపల మంచాలు, చుట్టూ కంచె గూడ లేదు. జంతువుల జాడ తీసే ముసలాయన ఒక్కటే మాట చెప్పిండు. తెల్లారి తను అడుగులు చూసిందాంక ఎవలూ డేరా దాటొద్దు. ఏ జంతువు ఎటు పోయిందో చూసినంకనే పనోళ్లను నీళ్లకు వాగుకు తోలుతడు.

"అడివికొచ్చి గీ గుడ్డల కూసునుడేంది?" అని అత్తమ్మ ఆ దినం పదిసార్లు డేరా తలుపు తీసి చూసింది. తెల్లారి నేను లేచేసరికి మంచం మీద లేదు.

బయట వాకిలి అద్దం లెక్క ఉన్నది. ఎండుపుల్లలు కట్టగట్టి ఊడ్చింది, నీళ్లు చల్లింది, సర్వపిండికని తెచ్చిన బియ్యప్పిండితోని ముగ్గేసింది. ముసలాయన ముగ్గు దిక్కు చూసుకుంట నిలవడ్డడు. ఎనుక బకెట్లు వట్టుకొని పనోళ్లు. రాత్రి గాండ్రింపు ఇనవడ్డది, సింహం వచ్చి పోయినట్టున్నది, ఎటు పోయిందో ఇప్పుడెట్ల చెప్పాలె అని ఇంగ్లీషుల మెల్లగ అన్నడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముంగట అత్తమ్మ మీదవడ్డ. "నిమ్మలంగ కూసునుడు రాదా నీకు? మా ఇజ్జత్ తీసినవ్. నిన్ను తెచ్చుడే నా తప్పు."

అత్తమ్మ పుల్లల కట్ట పక్కకు వెట్టింది. కూసొని చిటికెడు పిండి తీసి, ముగ్గు పక్కపొంటి నాలుగు చిన్న గుండ్రాలు, ఎనుక ఒక పెద్దది, తను చూసిన అడుగు లెక్కనే వేసింది. "గోర్ల జాడ లేదు, కుక్క గాదు, పిల్లి తీరుది. ఒకటి పెద్దది, రెండు పిల్లలు. వాగు దిక్కు పోయినయ్." నా దిక్కు చూసింది. "చూడకుండ ఊడుస్తనా బిడ్డా?"

ముసలాయనకు చెప్పిన. ఆయన గుండ్రాల దగ్గర కూసొని చూసి, పనోళ్లను ఆపిండు. జీపుల పోయి చూస్తే వాగు గడ్డిల తల్లి సింహం, రెండు పిల్లలు పండుకొని ఉన్నయ్. ఆ తెల్లారి నుంచి అత్తమ్మను ఎంటవెట్టుకొనే ఆయన జాడ తీసేది. ఇద్దరికీ ఒక్క మాట కలువది, ముచ్చట మాత్రం ఒడువకపోయేది.

తప్పైంది అత్తమ్మా అని నేను అనలే. రేపంటనన్న, ఇంటికి పోయినంక అంటనన్న. ఆమె ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తలే. అదే నన్ను ఇంకింత కాల్చింది.

మూడోనాడు బచ్చన్నపేట ఇంట్ల, అత్తమ్మను పండవెట్టిన జాగల పిండి పరిచి బుట్ట బోర్లించిన్రు. పోయిన మనిషి వచ్చిపోతే తెల్లారి అండ్ల అడుగు వడ్తదంటరు. నాకు గియ్యి నమ్మే అలవాటు లేదు. అయినా కాలు నిలువలే, తెల్లారి అందరికన్న ముందు లేచి బుట్ట కాడ నిలవడ్డ. ఏ అడుగైనా సరే, చీమదైనా సరే, కోపం లేకనే వచ్చిందనుకుందును.

మా ఆడిబిడ్డ బుట్ట లేపింది. పిండి సాపుగ ఉన్నది. గీత గూడ లేదు.

"అమ్మ రాలే వదినా" అని ఆమె ఏడ్చింది.

"వచ్చింది" అన్న. "మనం లేవకముందే ఊడ్చి పోయింది."

మా ఆయన నవ్విండు, నవ్వుకుంటనే ఏడ్చిండు. నేను కింద కూసొని "తప్పైంది అత్తమ్మా" అన్న. ఏలుతోని ఆ పిండిల నాలుగు చిన్న గుండ్రాలు, ఎనుక ఒక పెద్దది గీసిన. గోర్లు వెట్టలే.