ఫైటర్ చేప, ఒకే ఒక్క ప్లగ్గు

అరసవల్లిలో ఇల్లున్నవాళ్లకి రథసప్తమి నాడు ఆ ఇల్లు తమది కాదు. దర్శనానికొచ్చే చుట్టాలందరికీ అదే సత్రం. ఆ ఏడు కూడా నరసన్నపేట నుంచి మా ఆడపడుచు, ఆవిడ అత్తవారి తరఫు వాళ్లందరినీ వెంటేసుకుని తెల్లారకుండానే దిగింది. జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని చేసే స్నానానికి అందరికీ వేడినీళ్లు కావాలి.

నా బెంగంతా చేప మీద. హాల్లో బల్ల మీద గాజుతొట్టిలో నీలిరంగు ఫైటర్ చేప ఉండేది. మాఘమాసపు చలికి ఆ జాతి తట్టుకోలేదు. నీళ్లు చల్లబడితే ముడుచుకుపోయి అడుక్కి దిగిపోతుంది. అందుకే తొట్టిలో వేలెడంత హీటరు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. కిందటి చలికాలం హీటరు లేక ఒక చేప పోయింది. ఇంకోటి గానీ ఈ ఇంట్లో చస్తే మళ్లీ చేపన్నది గడప లోపలికి రాకూడదని అత్తగారు అప్పుడే తేల్చి చెప్పేశారు. మాది వ్యాపారస్తుల కుటుంబం, ఇంట్లో ఎవరూ నీసు ముట్టరు. పెంచుకునే చేపైనా ఆవిడకి నీసే. తొట్టి పక్కనుంచి నడిస్తే కొంగు దగ్గరికి లాక్కునేవారు. నాకు మాత్రం, పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో నన్ను చూడగానే ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

చిక్కంతా ప్లగ్గుతోనే. నీళ్లు కాచే రాడ్డు తట్టుకునే పెద్ద ప్లగ్గు ఇంట్లో ఒక్కటే, అదీ తొట్టి పక్కనే. చేప హీటరు తీగ పొట్టిది, ఇంకెక్కడికీ అందదు. తెల్లవారుజామునే అందరికీ నీళ్లు కాచి ఇచ్చి, హీటరు మళ్లీ పెట్టి, ఇక దీన్ని ముట్టుకోవద్దని పేరుపేరునా చెప్పి క్యూలో నిలబడ్డాను. ఆడపడుచు ప్రయాణపు బడలికకి మళ్లీ పడుకుని, ఆలస్యంగా లేచి తరవాత వచ్చి కలిసింది. నున్నగా తలంటుకుని వచ్చింది. ఆ తల చూసినప్పుడే రాడ్డు పెట్టి ఉంటుందని నాకు అర్థమైంది, కానీ క్యూలోంచి బయటికి రావడం మన చేతిలో ఉందా?

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ప్లగ్గుకి రాడ్డే ఉంది. హీటరు తీగ బల్ల మీంచి వేలాడుతోంది. చేప అడుగున పక్కకి ఒరిగి ఉంది. నీలం రంగు పోయి బూడిదలా అయింది. గబగబా హీటరు పెట్టాను. దీపం వెలగలేదు. వీధి వీధంతా కరెంటు లేదు.

ఆడపడుచుని ఏమన్నానో ఇక్కడ రాయను. ఆవిడ మూతి ముడుచుకుని గదిలోకి పోయింది.

అత్తగారు వంటింట్లోంచి పొగలు కక్కే నీళ్ల చెంబుతో వచ్చారు. "ఏటే అలా సూత్తన్నావు? ఈ సెంబుడు పోసీ, లేసి కూకుంటాది."

ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపేశాను. చుట్టాలందరూ చూస్తున్నారు. "ఒక్కసారిగా వేడి తగిలితే చచ్చిపోద్ది అత్తా, పొయ్యకండి."

క్యారేజీ గిన్నెలో ఆ వేడినీళ్లు పోసి, మూత బిగించి తొట్టిలో దింపాను. గిన్నె వేడి మెల్లగా నీళ్లకి ఎక్కాలి. కానీ అది నిలబడదే. తేలుతూ, దొర్లుతూ చేప మీదికే పోతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుంటే రెండో గిన్నెలో నీళ్లు నింపేదెవరు? చుట్టాలు ఒక్కరూ కదల్లేదు. అత్తగారు అటూ ఇటూ చూసి, కొంగు నడుముకి దోపుకుని, చెయ్యి తొట్టిలో పెట్టి గిన్నె పట్టుకున్నారు. ఆవిడ వేళ్లకి జానెడు దూరంలో చేప పడి ఉంది.

గిన్నెలు మారుస్తూ పోయాం. ఆవిడ మాటిమాటికీ వేలితో నీళ్లు తాకి చూస్తున్నారు. "పాలకి తోడెట్టినప్పుడున్నంతైనా ఉండొద్దేటి? ఇంకా సల్లగానే ఉన్నాది." మన వేలికి చల్లగా తోచేదే దానికి వెచ్చనని చెప్పాను. నమ్మలేదు, చెయ్యి మాత్రం తియ్యలేదు. నాకూ నమ్మకం లేదు. చేప మొప్పలు కదిలాయా, నీళ్లు కదిలాయా అన్నది కూడా తెలియడం లేదు.

చాలాసేపటికి తోక ఆడింది. చేప వంకరగా పైకి తేలి, ఆవిడ మణికట్టు పక్కనే ఒక గుక్క గాలి పీల్చుకుంది. కాసేపటికి కరెంటు కూడా వచ్చి హీటరు మీద ఎర్రదీపం వెలిగింది.

పొద్దు వాలకముందే సూర్యుడికి నైవేద్యం పెట్టాలి. నీసు ముట్టిన చేత్తో పెట్టకూడదు, ఆవిడ మళ్లీ తలస్నానం చెయ్యాలి. రెండు పొయ్యిల మీదా నైవేద్యం ఉడుకుతోంది, దించడానికి లేదు. చన్నీళ్లు తగిలితే ఆవిడ మోకాళ్లు రెండ్రోజులు లేవనివ్వవు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆడపడుచు గదిలోంచి వచ్చి, అమ్మకి నీళ్లు పెడతానని రాడ్డు తీసుకుని ప్లగ్గు దగ్గరికి నడిచింది. నేను వద్దనలేకపోయాను. ఏ నోటితో అంటాను?

"ఆ పలగ్గు ముట్టుకోకండి," అన్నారు అత్తగారు. "నాను సన్నీళ్లే పోసుకుంతాను."

స్నానాలగది తలుపు వెనక మొదటి చెంబు పడ్డ చప్పుడు, ఆ వెంటనే ఆవిడ పళ్లబిగువున లాగిన ఊపిరి వినిపించాయి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడ తలుపు తీసేసరికి పొడి తువ్వాలు పట్టుకుని ఎదురెళ్లాను.