పిడికిట్లో నలిగిన కొంగు

కోదాడ హోల్‌సేల్ వ్యాపారి చెప్పిన ధరలో సగానికి ఒక మూటెడు చీరలు లాక్కొచ్చిన ఘనత నాది. సూర్యాపేటలో నాన్న కిరాణా గల్లా పక్కన పెరిగినదాన్ని, బేరంలో నన్నెవరు గెలుస్తారు? అన్నీ ఒకే ఆకుపచ్చ చీరలు. ఓ ప్రేమ సీరియల్లో హీరోయిన్ కట్టింది, మూట మీది ఫోటోలో నవ్వుతోంది. ఇంకేం కావాలి?

మిర్యాలగూడలో మా చీరల దుకాణం చూసేది నేనూ అత్తమ్మా. మూట విప్పగానే ఆమె నెత్తి పట్టుకుంది.

“గిది సీరియల్ల ఆమె హీరోను ఇడిసిపెట్టి పోయిన్నాటి చీర పిల్లా! పెండ్లిళ్లకు ఎవలు కొంటరు?”

“నవ్వుతుంది కద అత్తమ్మా!”

“నోరు నవ్వుతుంది. చేతులు సూడు.”

చూశాను. కొంగు పిడికిట్లో నలిగిపోతోంది. భుజాలు బిగుసుకుపోయాయి. నేను అంచు చూశాను, జరీ చూశాను, కట్టుకున్న మనిషిని చూడలేదు.

“ఇవి పోకుంటే ఇగ కొనుగోలుకు నేనే పోత. నువ్వు గల్లా కాడ కూసో.”

కోదాడ బేరాలు లేకపోతే నా బతుకు ఉప్పులేని పప్పే. ఆ రోజు నుంచి దుకాణంలో టీవీ పెట్టి సీరియల్ చూడడం మొదలుపెట్టాను. కోపమొస్తే హీరోయిన్ కొంగు నడుముకు దోపుతుంది. అబద్ధమాడే ముందు హీరో మడిచిన చొక్కా చేతులు దించి గుండీలు పెడతాడు. అతను నోరు తెరవకముందే, చీరలకొచ్చిన ఆడవాళ్లతో కలిసి నేనూ అరిచేదాన్ని: “గుండీ పెట్టిండు! అబద్ధం!”

అయినా ఆకుపచ్చ చీరను ఎవరూ ముట్టలేదు. ఇక పోవనుకుని, సగం చీరలు కోదాడకే నష్టానికి తిప్పిచ్చాను. “పర్లేదక్కా, ఇచ్చెయ్యండి, నేను చూసుకుంటాను” అన్నాడు వ్యాపారి. అంత మర్యాదకు అనుమానం రావాలి. రాలేదు.

ఆ వారమే సీరియల్లో, బస్టాండులో హీరో ఎదుటికి ఆమె వచ్చింది. అదే ఆకుపచ్చ చీర! అదే పిడికిలి! దుకాణంలో అందరం టీవీ ముందుకు జరిగాం. ఒక్కొక్క వేలూ విడింది. కొంగు గాలికి లేచి అతని భుజమ్మీద పడింది.

“ఇడిసింది! కొంగు ఇడిసింది!” అత్తమ్మ స్టూలు మీంచి లేచి నన్ను పట్టుకుని ఊపేసింది. పెళ్లిచీరలకొచ్చిన పిల్ల కళ్లు తుడుచుకుంటూనే “నాక్కూడ గదే కావాలె” అంది. సాయంత్రానికి మిగిలిన సగం ఖతం. ఈ సీను వస్తుందని కోదాడ వ్యాపారికి ముందే తెలుసన్నమాట!

ఇక అసలు లెక్క. ఈ సగం మీద వచ్చిన లాభాన్ని ఆ సగం మీద నష్టం మింగేసింది. ఆటో కిరాయి నా చేతిది. అత్తమ్మ తనకని తీసి పెట్టుకున్న చీరకు డబ్బులు రావు. కొనుగోలు పని నాకే మిగిలింది, కాకపోతే ఇప్పుడు కోదాడ బస్సులో పక్క సీటు ఆమెది. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితం కనుక, ఆ ఖర్చు మాత్రం సున్నా.