పైపు తెగితే ఆగే ఆట

మొన్న శనివారం సాయంత్రం మా మేనల్లుడు చింటూ తన కారును టాటానగర్ పక్కనే పర్సుడీహ్‌లో మా ఇంటి ముందు ఆపి దిగేసరికి, వాడికంటే ముందు ఒక వాసన లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కాలిన వెంట్రుకలు, తుప్పు మేకులు, మాడిన రబ్బరు కలిపి కుంపటి మీద పెడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. నేను బడిపిల్లల వ్యాను తోలేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలి ఊపిరి పీల్చుకుందో గానీ, ఇప్పుడు మాత్రం ఒక్క పూట మానకుండా బడికి వెళుతున్నాను. అంచేత ఆ వాసన నాకు పాత చుట్టమే. బ్రేకు సరిగ్గా వదలక, చక్రాన్ని అంటిపెట్టుకునే తిరిగి కాలుతున్న వాసన అది.

చింటూ మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మను, అంటే మా ఇంటికొచ్చి ఉన్న మా చెల్లెలు పైడిని, మోకాలు చూపించడానికి రాంచీ తీసుకెళ్లాలి. ఆ దారిలో ఘాటు రోడ్డుంది, ఎక్కడం ఎంతో దిగడమూ అంతే. బ్రేకులు చూపించకుండా కదలొద్దురా అని నేను వాడికి చెప్పాను. వాడు ఫోను లోంచి తలెత్తకుండానే, "టెన్షన్ మత్ లో మామా, కుఛ్ హోగా తో గాడీ ఖుద్ బతాయేగీ" అన్నాడు. ఏమైనా అయితే బండే చెబుతుందట. నేను మళ్లీ చెప్పాను, మా ఆవిడ నవ్వింది, పైడి నవ్వింది, చివరికి వాడూ నవ్వాడు. తప్పు వాళ్లది కాదు. చావింట్లో కూడా పక్కవాడికి నవ్వు తెప్పించి బయటికి పంపించిన ఘనత నాది, 'నాన్నా పులి' కథలో కుర్రాడైనా నా అంత అలవాటుగా అరిచి ఉండడు. నవ్వకుండా మిగిలింది ఆ వాసన ఒక్కటే. రాత్రి దాన్ని పక్కన పెట్టుకునే పడుకున్నాను.

మా చిన్నప్పుడు నాన్న టాటానగర్‌లో గూడ్సు బండి డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చిన వాళ్లమంతా స్టేషను వెనకాల ఎర్ర ఇటుక క్వార్టర్లలో ఒకే వరసలో ఉండేవాళ్లం. చలికాలం పొద్దున్న ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి పొగ, ఆ పొగను చీల్చుకుంటూ ఛట్ పండక్కి పక్కింటి బిహారీ పిన్ని నేతిలో వేయించే ఠేకువా బిళ్లల వాసన, పుష్యమాసంలో టుసూ పండగ పాటలు పాడుకుంటూ వెళ్లే ఆడవాళ్లు మా చేతుల్లో పెట్టే బియ్యప్పిండి పిఠాలు, వాటికి బదులుగా అమ్మ గిన్నె నింపి ఇచ్చే బెల్లం గవ్వలు, ఇలా మా నాలుకలకు ఏ భాష తమదో తెలియకుండా పోయింది. ఉక్కు కార్ఖానాలో కరిగిన మడ్డిని పారబోసినప్పుడల్లా చీకటిపడ్డాక కూడా ఆకాశం ఎర్రబడేది. మా ఊళ్లో పొద్దు రెండుసార్లు కుంకుతుందని బళ్లో చెప్పి బెంచీ ఎక్కాను.

నాన్న డ్యూటీ దిగి వస్తే ముందు రేకు పెట్టె అరుగు మీద పెట్టేవాడు, తర్వాత కిరసనాయిలుతో చేతులు రుద్దుకునేవాడు, ఆ తర్వాత కూడా చాలాసేపు మాట్లాడేవాడు కాదు. అన్నం తిని తువ్వాలు భుజాన వేసుకున్నాక మాత్రం ఆయన నోటికి పట్టాలు దొరికేవి. బండి పొడుగునా ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా ఒక గొట్టం పోతుందని, అందులో గాలి ఒత్తిడి సరిగ్గా ఉన్నంతసేపే చక్రాలు తిరుగుతాయని, మధ్యలో ఎక్కడ పైపు తెగినా, పెట్టె విడిపోయినా, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే చక్రాలన్నిటికీ బ్రేకులు పట్టేస్తాయని చెప్పేవాడు. "పాడైతే ఆగుతాది గానీ పాడైతే పరిగెట్టదురా రైలు" అనేవాడు. దేవుడి మీద కూడా ఆయనకు అంత నమ్మకం ఉన్నట్టు నేను చూడలేదు.

ఆ మాట మీదే మేము ఒక ఆట కట్టాం. ఒకరి చొక్కా అంచు ఒకరం పట్టుకుని, క్వార్టర్ల వరస చుట్టూ, ఆరేసిన చీరల కిందనుంచి, పందుల మందను చెదరగొడుతూ పరిగెత్తేవాళ్లం. నోరు పెద్దది గనక నేను ఇంజను, అందరికన్నా చిన్నది గనక పైడి గార్డు. ఎవరి చెయ్యి జారితే వాళ్లు "పైపు తెగిపోనాది" అని అరవాలి, అరవగానే అందరూ ఎక్కడివాళ్లక్కడ, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆగిపోవాలి. కదిలితే అవుటు. ఒంటికాలి మీద నిలబడటంలో పైడిని మించినవాళ్లు లేరు. ఒకసారి దాన్ని అలాగే కొంగలా నిలబెట్టి మేమంతా జామకాయలకు పోతే, అమ్మ వచ్చి, ఆ కాలు దింపకుండానే ఎత్తుకుని తీసుకెళ్లి నీళ్లు పోసింది.

ఇంతలో జుగ్సలాయిలో గోదాములున్న ఒక వ్యాపారి వదిలించుకున్న గోధుమరంగు కారు నాన్న చేతికొచ్చింది. అన్నేసి పెట్టెల బండి లాగేవాడికి ఈ అగ్గిపెట్టె ఒక లెక్కా అని వీధంతా అంది, నాన్న కాదనలేదు. ఆ ఏడు విశ్వకర్మ పూజకు కార్ఖానాల్లో యంత్రాలకు, షెడ్డులో ఇంజన్లకు, వీధిలో రిక్షాలకు, చివరికి నానమ్మ అడకత్తెరకు కూడా బొట్లు పడ్డాయి. నాన్న కారును కడిగి తుడిచి, బంతిపూల దండ వేసి, చక్రాలకు పసుపు కుంకుమలు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. బానెట్ ఎత్తి, బ్రేకు ఆయిలు డబ్బాలో ఆయిలు ఎంత దాకా ఉందో చూసే పూజ మాత్రం ఆ రోజు ఏ పంతులూ చెప్పలేదు.

మర్నాడు అందరం దల్మా కొండ మీద శివుడి గుడికి బయల్దేరుతుంటే, వెనక చక్రం మీద బొట్టు కారిపోయి ఉండటం నానమ్మ చూసింది. ముందు వీధి కుక్కల వంశాన్ని మొత్తం తిట్టింది. తర్వాత వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కొడుకును పిలిచింది.

"ఒరే, ఇది కుక్క పని కాదు. జిడ్డుగున్నాది సూడు. బండి కారతన్నాది."

"కారితే ఏటవుద్దమ్మా? కారితే పట్టుకుంటాది గానీ ఒగ్గదు" అన్నాడు నాన్న.

తప్పుడు మాట కాదది, రైలు మాట. రైలు బ్రేకు కారితే పట్టుకుంటుంది, కారు బ్రేకు ఆయిలు మీద బతుకుతుంది గనక, ఆయిలు కారిపోతే ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఈ ముక్క నాకు వ్యాను ఎక్కాక తెలిసింది. ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు. పులిహోర అమ్మ ఒళ్లో, గవ్వల డబ్బా ముందు సీట్లో నానమ్మ ఒళ్లో, పైడి నా పక్కన, అంతా ఎక్కి కూర్చున్నాం.

ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. వాన వెలిసిన సాలచెట్ల అడవి, తడి ఆకుల వాసన, గుడి దగ్గర కోతులతో నా ముఖాముఖి, అన్నీ బాగున్నాయి. దిగేటప్పుడు నాన్న, పెట్రోలు కలిసొస్తుందని అందరూ చేసినట్టే, గేరు తీసేసి బండిని వాలు మీద వదిలాడు. గూడ్సును వాలులో దింపేటప్పుడు చేత్తో బ్రేకు పట్టి ఉంచినట్టే, ఇక్కడ బ్రేకు మీద కాలు అలాగే ఉంచాడు. కాసేపటికి ఆ వాసన వచ్చింది. ఎవరింట్లోనో కూర మాడుతోందేమో అంది అమ్మ. అడవిలో ఎవరిల్లు అని నేను నవ్వుతుండగానే, నాన్న కాలి కింద బ్రేకు నేలదాకా దిగిపోయింది.

అప్పుడు నాన్న కాలు తీసేశాడు. నాకు ఇప్పటికీ నిద్రలో కనబడేది ఆ కాలే. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, చెవి కొంచెం వంచి, బండి తనంతట తానే ఆగుతుందని ఎదురుచూశాడు. బండి ఆగలేదు, వేగం అందుకుంది. అమ్మ వెనకనుంచి ఆయన భుజం పట్టుకుని ఊపేస్తే గానీ ఆయన ఈ లోకంలోకి రాలేదు. హ్యాండుబ్రేకు లాగి, లోయ వైపు కాకుండా కొండ వైపు తిప్పాడు. మట్టిగట్టును రాసుకుంటూ పోయి పోయి కారు ఒక సాలమొక్కను విరిచి ఆగింది. మా అందరి మీదా గవ్వలు వానలా కురిశాయి. తలుపు రేకు లోపలికి మడతపడి పైడి మోకాల్లో దిగింది.

దాన్ని ఎత్తుకుని రోడ్డు పక్కన కూర్చున్నాక నాన్న అమ్మతో ఒక్కటే అన్నాడు: "పట్టుకుంటాదనుకున్నానే."

మోకాలు మాని పైడి లేచి నడిచింది, కుంటుతూ. నాన్న మాత్రం మానలేదు. సిగ్నల్ పచ్చగా ఉన్నా దూరం నుంచే బండి నెమ్మది చేసేవాడు, వాలు కనిపిస్తే చాలు ఆపేసేవాడు, గూడ్సులు వరసగా ఆలస్యమయ్యేవి. షెడ్డులో పేర్లు పెట్టారు, సంజాయిషీ అడుగుతూ కాగితాలు వచ్చాయి, చివరికి ఆయన్ని లైను మీదనుంచి తప్పించి షెడ్డులో కూర్చోబెట్టారు. బతుకంతా చేత్తో బ్రేకు వేసిన మనిషి, మంచం మీద కూర్చుని కుడికాలితో నేలను నొక్కుతూ ఉండేవాడు. నేనెన్ని వేషాలు వేసినా ఆ కాలు నొక్కడం ఆపేది కాదు. నేను నవ్వించలేకపోయిన మనిషి ఆయనొక్కడే.

అందుకే నా వ్యాను పిల్లలు ఎక్కకముందు ఇంజను వేసి, బ్రేకు తొక్కి, అలాగే పట్టి ఉంచుతాను. కాలి కింద అది మెల్లగా దిగిందంటే ఆ రోజు బడికి సెలవే. వాలులో రెండో గేరు, నీళ్లలోంచి బయటికొచ్చాక చక్రాలు ఆరేదాకా బ్రేకు మీద చిన్న చిన్న నొక్కులు, ఆయిలు గాలిలోని తేమ తాగి పాడవకముందే మార్పించడం, ఇవన్నీ నా నిత్యపూజ. బ్రేకు మీద ఊరికే కాలు ఆనించి తోలే పిల్లకాయల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, వాళ్లకేమో చక్రాలు మండుతాయి.

ఆదివారం పొద్దున్న చింటూ కారు స్టార్టు చేశాడు. పైడి గవ్వల డబ్బా పట్టుకుని, కుంటుతూ మెట్లు దిగింది. వెనక చక్రం లోపలి వైపు నేల మీద గుండ్రంగా తడి కనిపించింది. వేలితో రాశాను. జిడ్డు. చింటూకు చూపిస్తే, "ఏసీ కా పానీ హై మామా" అని గేరు మీద చెయ్యి వేశాడు. ఏసీ నీళ్లు వెనక చక్రం దగ్గర కారవురా అన్నాను, వాడు వినలేదు. పైడి అప్పటికే తలుపు తీసింది.

నేను అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాను.

"పైపు తెగిపోనాది."

పైడి ఆగిపోయింది. కారులో పెట్టబోయిన కాలు గాల్లో అలాగే ఉంది, ఒక చేత్తో తలుపు పట్టుకుని, పాడైన మోకాలి మీద నిలబడింది. చింటూ ఆమె వైపూ నా వైపూ చూసి, "మమ్మీ, బైఠో నా" అని కూర్చోమన్నాడు. వాడికి తెలియదు. ఆ క్వార్టర్లు కూలగొట్టి చాలాకాలమైంది, అక్కడిప్పుడు కార్లు నిలుపుకునే చోటుంది, మాతో చొక్కాలు పట్టుకుని పరిగెత్తినవాళ్లు ఎక్కడెక్కడున్నారో మాకే తెలియదు. ఆ మాట వింటే ఆగాలని తెలిసినవాళ్లం ఇక మేమిద్దరమే అనుకుంటాను.

"ఇంజను ఆపరా" అంది పైడి, తల తిప్పకుండానే. "నాను కదిలితే అవుటు."

వాడు గేరు మీంచి చెయ్యి తీశాడు. తర్వాత తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. పైడి కాలు ఇంకా దించలేదు, ఆ మోకాలు మాత్రం వణుకుతూనే ఉంది.