టీచరుగారి ఒళ్లో నా కాలు

నిన్న మా మనవరాలు బూటు కాలు నా ఒళ్లో పెట్టి, "లేసు కట్టు అమ్మమ్మా" అంది. అంత ధీమాగా కాలు చాపడం ఆ వయసులో నాకు తెలియదు.

గుంటూరు మిషను బడి హాస్టల్లో చేరిన ఏడాది డ్రిల్లు కోసం తెల్ల కాన్వాసు బూట్లు ఇచ్చారు. అంతవరకూ నా కాళ్లు చెప్పులు కూడా ఎరగవు. లేసులు చిక్కుముళ్లు పడేసుకుని బిక్కమొహంతో నిలబడ్డాను. డ్రిల్లు టీచరుగారు వచ్చి, నేల మీద కూర్చుని, నా కాలు తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు.

పెద్దవాళ్లకు పొరపాటున కాలు తగిలితేనే లెంపలేసుకునే పిల్లను. "తప్పండీ, వదలండి" అంటూ వెనక్కి లాక్కోబోయాను.

"కదలకు. ఇలా చెవిలా మడిచి, దీని చుట్టూ తిప్పు" అన్నారావిడ.

ఆదివారం అమ్మ చూడటానికొస్తే ఈ సంగతి చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది. మా ఊళ్లో ఆసాముల వీధి దాటేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడిచే కూలిమనిషి ఆమె. "టీచరుగారు నీ కాలు పట్టుకుంటే ఊరుకున్నావటే?" అంటూ నన్ను లాక్కెళ్లి ఆవిడ ముందు చేతులు కట్టుకు నిలబడింది. "పసిది, తెలియక చేసిందండీ."

టీచరుగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నావైపు తిరిగి, "మీ అమ్మకు లేసు కట్టి చూపించవే" అన్నారు.

నేను వంగి కట్టాను. అమ్మ ఏడ్చింది. బళ్లోంచి పంపేస్తారని భయపడుతోందనుకుని, "ఏమీ అనరులేవే" అని ఓదార్చాను. ఎందుకేడ్చిందో నేను తల్లినయ్యాక గాని తెలియలేదు.