రా ఫైలు మావయ్య

మావయ్య ఏం అడిగినా ఇస్తాడు గాని, ఫొటో ఇమ్మంటే మాత్రం ముందు ఉపన్యాసం ఇస్తాడు.

“కెమెరాలో బాగుంది, కంప్యూటర్లో ఇలా వెలిసిపోయిందేమిటి?” అని ఎవరైనా నోరు జారితే చాలు, ఆ పూటకి వాళ్ళు ఇల్లు చేరినట్టే! మావయ్య ఫొటో స్టూడియోలో ఫొటోలు దిద్దే మేనకోడలు ఎనిమిదేళ్ళుగా ఆ ఉపన్యాసం వింటోంది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

“మీరు కెమెరా తెరమీద చూసింది రా ఫైలు, అంటే కెమెరా పట్టిన పచ్చి బొమ్మ, కాదండీ. కెమెరా తనకు తోచినట్టు రంగులు పూసి, నలుపు చిక్కబరిచి, అంచులు చెక్కి చూపించిన బొమ్మ. సాఫ్ట్‌వేర్‌కి ఆ సోకులు తెలియవు. ముఖం కడిగి కూర్చోబెడుతుంది. ఇక అలంకారమంతా మన చేతిలోనే.”

“కడగని ముఖమే ఇచ్చెయ్యండి బాబూ!” అని ఓసారి పళ్ళ డాక్టరు బతిమాలాడు. పాపం, అవతల రోగి నోరు తెరుచుకుని కూర్చున్నాడట. మావయ్య వదిలితేగా! ఫొటో తీయడానికి రెప్పపాటు, దాని గురించి చెప్పడానికి రెండు గంటలు. ఎంత పొదుపైన మనిషో!

ఒకరోజు పొద్దున్నే కొత్త పెళ్ళికూతురు వచ్చింది. వెనకే ధుమధుమలాడుతూ తండ్రి. ఆమె మేనకోడలి చెవిలో గొణిగింది.

“అక్కా, మా నాన్న ఉన్న ఫొటో ఒక్కటైనా ఉందా? నేను కోరి చేసుకున్న పెళ్ళి కదా. ఫొటోల టైముకి లేచి వెళ్ళిపోయారు.”

మేనకోడలు తల అడ్డంగా ఊపింది. ఎనిమిది వందల ఫొటోల్లో ఆయన ఎక్కడా లేడు.

ఇంతలో తండ్రి గర్జించాడు. “కెమెరాలో ఎర్రగా ఉన్న పూలు ఇక్కడ ఇటుక రంగులో ఉన్నాయేం?”

మావయ్య ముఖం వెలిగిపోయింది. “మంచి ప్రశ్న అడిగారు! రండి సార్, బయట వెలుతురులో చెబుతాను.” ఆయన మోచెయ్యి పట్టుకుని వెళుతూ మేనకోడలితో మెల్లగా అన్నాడు. “ఆ నల్ల ఫొటో రాత్రి దిద్దాను. తెరిచి అమ్మాయికి చూపించు. ఒక్కదానికే.”

కెమెరాలో ఆ ఫొటో ఒట్టి చీకటి ముద్ద. చెరిపేస్తానని మేనకోడలు రెండుసార్లు అంటే, “ముట్టుకున్నావంటే ఊరుకోను” అని కసిరాడు.

ఇప్పుడు తెరిచింది. రా ఫైల్లో దాగిన వెలుగంతా మావయ్య తోడి పైకి తెచ్చాడు. హాలు చివర కర్టెన్ చాటున తండ్రి. కళ్ళు వేదిక మీది కూతురి మీదే. చేతిలో కర్టెన్ అంచు. దాంతోనే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“కర్టెన్‌తోనా నాన్నా!” పెళ్ళికూతురు నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూ మళ్ళీ నవ్వింది.

చాటుగా ఏడ్చిన మనిషి ఎదుట ఆ ఫొటో తెరిస్తే ఆయన పరువేం కాను? అందుకే మావయ్య ఆయన్ని ఉపన్యాసంతో వాకిట్లో కట్టేశాడు. ఇన్నాళ్ళూ తిట్టుకున్నందుకు మేనకోడలు నాలుక కరుచుకుంది. పళ్ళ డాక్టరు విషయంలో మాత్రం క్షమించలేదు.

బయట ఉపన్యాసం ఇంకా నీడల దగ్గరే ఉంది. కూతురు వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది. తను చూసిన దాని ఊసే ఎత్తలేదు.

“మా ఇద్దరికీ ఒక ఫొటో తీయండి.”

తండ్రి ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు. “తీయండి, ఎన్నయినా తీయండి. వాటి గురించి మాత్రం ఏమీ చెప్పకండి!”