నీలితెర మీద ఏడుపు మొహం

ఆ వీధిలో అందరికీ ఆమె డీటీపీ అక్క. ముందుగదిలో ఒక్క కంప్యూటరు పెట్టుకుని బడి ప్రశ్నపత్రాలూ, కరపత్రాలూ, అదృష్టం బాగుంటే ఎవరిదో ఓ లావుపాటి పుస్తకమూ కంపోజ్ చేస్తూ ఇల్లు నడిపేది. విడిభాగాలు ఏరి తెచ్చి ఆ కంప్యూటరు బిగించి ఇచ్చింది ఆమె అన్నయ్య. ఆయన గుండెపోటుతో హఠాత్తుగా పోయాక వదిన ఇక్కడే ఉండిపోయింది. ఒకరికొకరు తోడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే కంప్యూటరుకు ఓ జబ్బు మొదలైంది. పని మంచి ఊపులో ఉండగా తెర చటుక్కున నీలంగా మారిపోయేది. దాని మీద ఓ ఏడుపు మొహం, కింద ఏదో ఇంగ్లీషు గోల. కాసేపటికి మెషీను తనంతట తనే ఆగి మళ్లీ లేచేది. సేవ్ చెయ్యని పనంతా గాలికి పోయేది.

అక్క ఓ పట్టాన వదిలే మనిషి కాదు. పెట్టె మూత విప్పి ఫ్యానుకు పట్టిన దుమ్ము దులిపింది. వైర్లు పీకి మళ్లీ గుచ్చింది. విండోస్ మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించింది. ప్రతిసారీ నాలుగు రోజులు బుద్ధిగా నడిచేది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ ఆ మొహం.

ఒకనాటి మధ్యాహ్నం వంటింట్లోంచి వస్తూ అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన కంప్యూటరు ముందు కూర్చుని మెల్లగా మాట్లాడుతోంది.

"మోకాలి నొప్పి తగ్గిందిలెండి. మీ చెల్లెలు బాగానే చూసుకుంటోంది."

కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. అక్క పెట్టి వెళ్లిన పెద్ద పుస్తకం పీడీఎఫ్‌గా మారుతోంది, అంతే. ఉన్నట్టుండి తెర నీలమైంది. ఆ వెలుగు మొహం మీద పడగానే వదిన చిన్నగా నవ్వింది.

అక్క గదిలోకి వచ్చింది. "ఎవరితో వదినా?"

"మీ అన్నయ్యతోనే. నేను పలకరిస్తే ఇలా పలుకుతారు."

"మెషీను పాడైంది వదినా, అంతే."

"పాడైతే నువ్విన్నిసార్లు మరమ్మతు చేశావుగా, బాగవ్వాలిగా మరి?"

ఆ రోజు నుంచి అక్కకూ ఆ భ్రమ పట్టుకుంది. టైపు చేస్తుంటే, అన్నయ్య బతికుండగా చూసినట్టే, ఎవరో భుజం మీంచి తొంగిచూస్తున్నట్టుండేది. తిరిగి చూస్తే గోడ.

ఇలా లాభం లేదని మళ్లీ మూత విప్పింది. లోపల ర్యాములు, అదే మెమరీ ముక్కలు, రెండున్నాయి. ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాంతోనే నడిపింది. ఎంత పెద్ద ఫైలు పెట్టినా మెషీను కిక్కురుమనలేదు. తర్వాత దాన్ని తీసేసి మొదటిదాన్ని పెట్టింది. కాసేపటికే నీలం. జబ్బు దొరికింది, కానీ సంతోషం మాత్రం రాలేదు. పోయే ముందు వారమే అన్నయ్య ఎవరి పాత కంప్యూటరులోంచో తెచ్చి, "ఇక నీ మెషీను పరుగే పరుగు!" అంటూ స్వయంగా గుచ్చిన ముక్క అది.

దాన్ని వదిన చేతిలో పెట్టింది. "ఇదిగో, అంతా దీనివల్లే. లోపల ఎవరూ లేరు."

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీన్ని పెట్టిందెవరు?"

"అన్నయ్యే."

"మరి నేనన్నదీ అదేగా."

కొత్త ర్యాము వేశాక నీలితెర మళ్లీ రాలేదు. వదిన ముందుగదిలోకి రావడం తగ్గించింది. వచ్చినా తెరవైపు ఒకసారి చూసి వెళ్లిపోయేది. అక్కకు పని సాఫీగా సాగింది. అయినా పెద్ద ఫైలు పెట్టిన ప్రతిసారీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసేది. ఏమీ జరిగేది కాదు.

ఒకరోజు అలా చూస్తూ చూస్తూ, తనకు తెలియకుండానే, "అన్నయ్యా" అనేసింది.

ఫైలు తయారైందని మెషీను చెప్పింది. ఆమె లేచి వెళ్లి, వంటింట్లో వదిన పక్కన కూర్చుంది.