బిడ్డ పట్టుకున్న చివరి ముడి

నా బిడ్డ పోయింది. ఆ ముచ్చట నాకు ఫోన్‌ల తెలిసింది. రాత్రంత దవాఖానల దాని పక్కన కూసొని, తెల్లారినంక జర జావ కాసుకొస్తనని ఇంటికొచ్చిన. స్టవ్ మీద జావ ఉడుకుతున్నది. దవాఖాన కాడున్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, స్టవ్ బంద్ చెయ్యి" అన్నడు. గంతే అన్నడు. నేను స్టవ్ బంద్ చేసిన. బంద్ చేసినంక సమజైంది.

డెంగీ అన్నరు. రక్తంల ప్లేట్‌లెట్లు పడిపోయినయన్నరు. దానికి ఇంకా పాతికేండ్లు నిండలే.

దాని తోని బస్తీల పిల్లలకు చదువు చెప్పినోళ్లు మొన్న ఇంటికొచ్చిన్రు. "అమ్మా, మేము చిన్న పుస్తకం వేస్తున్నం. మీకు యాదికున్నది రాయండి" అన్నరు. నేను ఐదో తరగతి కాడ్నే ఆగిపోయినదాన్ని. మాట్లాడినట్టే రాస్తున్న. తప్పులుంటే మీరే సరిజేసుకొని చదువుకోండి.

వచ్చినోళ్లంత "మీ బిడ్డ దేవతమ్మా" అంటున్నరు. నా బిడ్డ దేవత కాదు. పొద్దుగాల లేపితే కసురుకునేది. చాయ్‌ల చక్కెర తక్కువైతే మొఖం మాడ్చుకునేది. తల దువ్వుకుంట అద్దం ముందట నిలవడితే ఇంకొకలకు అద్దం దొరకకపోతుండె. గట్లాంటిదే, ఆ పిల్లల కాడికి పోయే టైముకు మాత్రం ఎవలు లేపకుంటనే లేస్తుండె.

మేము నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్ల ఉంటం. నేను అబిడ్స్‌ల చీరల దుకాణాలకు ఫాల్ కుట్టి ఇస్త. నా బిడ్డ గూడ అబిడ్స్‌ల్నే ఒక దుకాణంల కౌంటర్ కాడ పని చేసేది. దుకాణం ఎండెక్కినంక తెరుస్తరు, అందుకని పొద్దటి పూట దానికి ఖాళీ ఉండేది.

మా వెనక బస్తీల ఆదివారం ఆదివారం కాలేజీ పిల్లలొచ్చి చిన్నపిల్లలకు పాటలు, బొమ్మలు నేర్పిస్తుండిరి. ఇది గూడ పోయి కలిసింది. కొన్ని వారాలైనంక ఒక ఆదివారం మాపటికి ఇంటికొచ్చి, "అమ్మా, వీళ్లు ఆదివారం గింత మంచిగ పాడుతున్నరు, సోమవారం బడికెందుకు పోతలేరు?" అని నన్ను అడిగింది. నాకేం తెల్సు? పోయి ఆ తల్లులనే అడిగొచ్చింది. జవాబు ఒక్కటే. రోడ్డు.

సర్కారు బడి అవుతలి పక్కకున్నది. నడుమ అబిడ్స్ దిక్కు పోయే పెద్ద రోడ్డు. పైకెక్కి అవుతలికి దిగనీకి మెట్రో మెట్లున్నయి గని అవి దూరం. తల్లులు చీకటితోనే ఊడ్వనీకి, గిన్నెలు తోమనీకి, బండ్లు పెట్టుకోనీకి పోతరు. చిన్నపిల్లలను ఎవలు దాటియ్యాలె? అందుకని బస్తీల్నే తిరుగుతుండిరి.

"నేను దాటిస్త" అన్నది.

నా ఆకుపచ్చ నైలాన్ చీర కనవడలేదు ఒక దినం. "ఏందే, నా చీరేమైంది?" అని అడిగితే, మంచం కింది నుంచి తీసి చూపిచ్చింది. పొడుగ్గ మూడు పాయలు చింపి, జడ అల్లినట్టు అల్లి, తాడు జేసింది.

"నువ్వు కట్టుకుంటే ఒక్కదానికే గదమ్మా! గిప్పుడు బస్తీ పిల్లలందరికి ఒకటే చీర."

"బాగుంది తియ్యి. మరి నాకు?"

"నీకు మా దుకాణంల కొనిస్త. ఫాల్ మాత్రం నువ్వే కుట్టుకోవాలె."

ఆ తాడుకు ముడులు వేసింది. నా కుట్టుపనిల మిగిలిన ఫాల్ ముక్కలు ఏరుకొని, ఒక్కో ముడికి ఒక్కో రంగు ముక్క కట్టింది. పేర్లు చదవరాని పిల్లలు గద, రంగు చూసి ఎవలి ముడి వాళ్లు పట్టుకునేది. పింకీ అనే చిన్నపిల్లది రాణీ రంగు. నా బిడ్డ తాడు ముందటి కొస పట్టుకొని నడిచేది. పిల్లలను బడిల దింపి ఇంటికొచ్చినంక తాడును దండెం మీద ఆరేసేది. ముడుల కాడ పిల్లల చేతి చెమటకు తడిగుంటుండె. పగటిపూట బడి విడిచే టైముకు గూడ దుకాణంల చెప్పొచ్చి, మళ్ల ఇవుతలికి దాటిచ్చేది.

పిల్లలకు ఒక మాట మరీ మరీ చెప్పేది. "ముడి చెయ్యి జారితే ఉరకొద్దు. ఉన్న కాడనే కూసోవాలె. నేనే వస్త." స్టేషన్ ముందటి గుంపుల పిల్లలు తప్పిపోతే, అక్కను వెతుక్కుంట ఉరికి ఇంకింత దూరం పోతరని దాని భయం. పిల్లలు పాటలెక్క అప్పజెప్పేటోళ్లు, "ఉన్న కాడనే కూసుంటం అక్కా" అని.

ఒక దినం నేను ఫాల్ కుట్టిన చీరల మూట పట్టుకొని అబిడ్స్ పోవాల్నని, వాళ్లకన్న ముందే రోడ్డు దాటి అవుతల నిలవడ్డ. హోంగార్డు చెయ్యెత్తి బండ్లు ఆపిండు. నా బిడ్డ ముందట, పిల్లలు వెనక, తాడు పట్టుకొని వచ్చిన్రు. ముందటోళ్లు ఫుట్‌పాత్ ఎక్కిన్రు. హోంగార్డు అందరు దాటిన్రనుకొని చెయ్యి దించిండు. బండ్లు వదిలిండు.

బిడ్డ వెనక్కి తిరిగి ముడులు చూసింది. రాణీ రంగు ముడి ఖాళీగ ఊగుతున్నది.

పింకీ నడిరోడ్డు మీద కూసొని ఉన్నది. చెప్పు జారిందట, దానికోసం వంగి ముడి వదిలింది. తాడు ముందుకు పోయింది. చెప్పిన మాట చెప్పినట్టు చేసింది ఆ పిల్ల. ఉన్న కాడనే, మటం వేసుకొని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూసున్నది. అటు పక్క ఆటోలు, ఇటు పక్క బైకులు, ఎదురుంగ సిటీ బస్సు. గంత పొట్టి పిల్ల, కూసుంటే డ్రైవర్‌కు ఏం కనవడ్తది?

నాకు గొంతుల్నుంచి కేక వచ్చేదే. బిడ్డ నా మొఖం చూసి, "అర్వకు" అన్నది. "అరిస్తే లేసి ఉరుకుతది." తాడు కొస నా చేతుల పెట్టింది. "అమ్మా, పట్టు. వీళ్లను కదలనియ్యకు." మూట కింద పడేసి తాడు పట్టుకున్న. అది రెండు చేతులెత్తుకొని బండ్ల నడుమకు నడిచింది. ఉరకలే. నడిచింది. బస్సు బ్రేకులు కీచుమన్నయి. నేను కండ్లు మూసుకున్న.

కండ్లు తెరిచేటప్పటికి పింకీ దాని సంకల ఉన్నది. ఆ పిల్ల మొఖంల భయం లేదు. "అక్కా, నేను ఉరకలే. కూసున్న" అన్నది. శభాష్ అంటదని చూస్తున్నది.

"ఔ, మంచిగ కూసున్నవ్" అన్నది నా బిడ్డ. దాని పెదవులు తెల్లగ అయినయి.

హోంగార్డు ఉరికొచ్చిండు. "ఏమ్మా, పిల్లలను నడిరోడ్డు మీద మర్చిపోతవా? నా నౌకరీ పోతుండె!" అని తిట్టి, తిట్టినంక ఫుట్‌పాత్ మీద కూలవడి మొఖం తుడుసుకున్నడు.

ఆ మాపటికి బిడ్డ అన్నం ముట్టలే. "ఆ పిల్ల తప్పు గదనే, నువ్వెందుకు ఏడుస్తవ్" అన్న. "దాని తప్పు కాదమ్మా. నేను సగమే చెప్పిన. సగం చెప్తే పిల్లలు సగం కాడ్నే ఆగిపోతరు" అన్నది.

తెల్లారి నుంచి రెండు మార్చింది. ఒకటి, "ముడి జారితే ముందు గోడ కాడికి పోవాలె. గోడకు వీపు ఆనిచ్చి కూసోవాలె. నేను వస్త." బస్తీ మూలమీద గోడ కాడ ఎన్నో దినాలు పిల్లలతోని అదే ఆట ఆడిచ్చింది. రెండోది, ముందట నడుసుడు బంద్ చేసింది. నాలుగో తరగతి పెద్దపిల్లను ముందట పెట్టి, తాను చివరికి పోయింది. తాడు చివరన ఇంకో ముడి వేసుకున్నది. దానికి రంగు లేదు. "వెనకున్నోళ్లకే కనవడ్తదమ్మా, ఎవలిది ఏం జారిందో" అన్నది.

తర్వాత్తర్వాత ఆ హోంగార్డే నవ్వులాటకు ఆటోలోళ్లను ఆపి, "ఏయ్, రైలొస్తున్నది, రైలు పోనీయున్రి!" అనేటోడు. పిల్లలు కూ అని కూత పెట్టేటోళ్లు.

జ్వరమొచ్చినంక గూడ తాడు పట్టుకొని పోయింది. ఒక దినం ఇంటికొచ్చి గడపలనే పడ్డది. దవాఖానల మంచం మీద కండ్లు తెరిచినప్పుడల్లా ఒకటే మాట. "వాళ్లు గోడ కాడ కూసొని ఉంటరు. ఎవలన్న పోయి చెప్పాలె."

"నువ్వే లేసి పోతవ్ గద బిడ్డా" అన్న.

సెలైన్ పెట్టిన దాని చెయ్యి పిడికిలి పట్టి ఉండె. ఆ చేతుల ఏం పట్టుకున్నదో నాకు తెల్సు.

బిడ్డ దినాలైనంక, తెల్లారి పొద్దుగాల దాని సంచి తీసిన. తాడు లోపల్నే ఉన్నది, ఎండిపోయి గట్టిగైంది. పిల్లలకు చెప్పొస్త, ఈ తాడు ఎవలికన్న ఇచ్చొస్త అని బయలెల్లిన.

బస్తీ మూలమీద పిల్లలున్నరు. సంచులు ఒళ్లె పెట్టుకొని, వరుసగ, గోడకు వీపులానిచ్చి కూసున్నరు. పింకీ వాళ్లమ్మ, స్టేషన్ ముందట ఉడకవెట్టిన పల్లీలమ్ముతది, బండి పక్కకు ఆపి, పింకీ రెక్క పట్టి గుంజుతున్నది. పిల్ల గోడను వదుల్తలేదు.

నన్ను చూసి ఆమె చెయ్యి ఆగింది. "చూడమ్మా, రోజు గిదే. ఎంత చెప్పినా ఇనరు. అక్క వస్తనన్నది, వస్తది అంటరు. ఎండెక్కిందాక కూసుంటరు. రేపటి సంది దీన్ని నా బండి కాడ కూసోవెట్టుకుంట."

"బండి కాడ కూసుంటే బడి పోదా?"

"పోతె పోతది. పాణమన్న ఉంటది గద. మీ బిడ్డ ఉన్నన్ని దినాలు నేను గుండె మీద చెయ్యేసుకొని పల్లీలమ్ముకున్న. గిప్పుడు ఎవలు దాటిస్తరు? నువ్వు దాటిస్తవా?"

తిట్టుడు కాదు అది. ఏడ్వక అడిగింది. ఆ బస్సు కీచుమన్న దినం నుంచి రోడ్డు చూస్తే నాకు కాళ్లు రావు. పక్కన ఎవలన్న ఉంటేనే దాటుత. అది గూడ వాళ్ల కొంగు పట్టుకొని.

పిల్లలు నా మొఖం చూస్తలేరు. నా చేతులున్న తాడు చూస్తున్నరు. పింకీ లేసింది. వచ్చి, ముడులు ఒక్కొక్కటే జరుపుకుంట రాణీ రంగు వెతుక్కొని పట్టుకున్నది. ఇంకో పిల్ల లేసింది. ఎవలేం చెప్పకుంటనే అందరు లేసి ఎవలి ముడి వాళ్లు పట్టుకున్నరు. పెద్దపిల్ల ముందటికి పోయి నిలవడ్డది. చివరి ముడి ఒక్కటే నేల మీద పడి ఉన్నది.

చెప్పొస్తనని పోయిన మాట నా నోట్లెనే ఉండిపోయింది. వంగి ఆ ముడి పట్టుకున్న.

"జాగ్రత్తమ్మా" అన్నది పింకీ తల్లి. ఆమె గూడ మా వెంట రోడ్డు అంచు దాక వచ్చింది, బండి ఆడ్నే వదిలిపెట్టి.

హోంగార్డు మమ్మల్ని చూసిండు. రోడ్డు నడుమకొచ్చి రెండు చేతులు చాపి నిలవడ్డడు. ఒక ఆటో ముందుకు దూకబోయింది. "రైలు పోనీయరా" అన్నడు, మెల్లగ. పిల్లలు కూత పెట్టలే.

నడిచినం. మెట్రో పిల్లర్ కాడ ఆగినం. మళ్ల నడిచినం. నా కండ్లు మూతలు పడనీకి చూస్తున్నయి, పడనియ్యలే. వెనకున్నోళ్లు కండ్లు మూసుకోవద్దు గద. ఒక్కొక్క తల చూసుకుంట పోతున్న. పిల్లలు గూడ ఒక్కొక్కరు తిరిగి వెనక్కి చూస్తున్నరు. నా దిక్కు కాదు, ఆ ముడి దిక్కు. నడిమికొచ్చినంక పింకీ కాలు తడవడ్డది. చెప్పు ఊడింది. ఆ పిల్ల కిందికి చూసింది. ముడి చూసింది. ముడి గట్టిగ పట్టుకొని, ఒక కాలు ఉత్తగనే వేసుకుంట నడిచింది.

చెప్పు నా కాళ్ల కాడికొచ్చింది. తీసుకున్న.

బడి గేటు కాడ పింకీకి చెప్పు తొడిగిన. "పగటిపూట వస్తవా?" అని అడిగింది. అక్క ఏదని అడగలే.

"గోడ కాడ కూసో. వస్త" అన్న.

ఇంటికొచ్చి తాడును దండెం మీద ఆరేసిన. ఎర్రది, పసుపుది, రాణీ రంగుది, ఒక్కొక్క ముడి ముట్టుకొని చూసిన. పిల్లల చేతి చెమటకు అన్ని తడిగున్నయి. చివరకు, రంగు లేనిది గూడ ముట్టుకున్న. అది గూడ తడిగనే ఉన్నది.